జారి పడింది

పుత్తూరులో కట్టు కట్టే దొరసానమ్మ దగ్గర
చీటీలు రాసేది నేను.
పేరు, ఊరు, విరిగిన ఎముక, కారణం.
ఆడవాళ్ళ చీటీలో కారణం ముందే అచ్చేసి వస్తుంది:
జారి పడింది.
వేరే మాట రాయడానికి అందులో జాగా లేదు.

మా అమ్మ కాలంలో అచ్చు లేదు,
నోటితోనే చెప్పేవాళ్ళు.
బాత్రూంలో, మిద్దె మెట్ల మీద, కొళాయి కాడ
ఒక్కొక్కరు ఏడాదికి నాలుగుసార్లు జారేవాళ్ళు.
వాన పడని ఊళ్ళో అంత పాచి యాడిదని
ఎవరూ అడగలేదు.

తర్వాత కడియాలొచ్చాయి.
పన్నెండేళ్ళు నిండిన ప్రతి ఆడపిల్ల ఎడమ కాలికీ ఒకటి.
రోజుకు మూడు వేల అడుగులు.
పొయ్యి నుంచి కొళాయికి, కొళాయి నుంచి మరమగ్గానికి,
మగ్గం నుంచి మంచానికి,
ఇంతకు మించి మీకు నడకేముంటుందని
శాఖవాళ్ళు టేపు పెట్టి కొలిచి మరీ చెప్పారు.
మూడు వేలు దగ్గరపడితే చీమ కుట్టినట్టుంటుంది.
దాటితే, ఇంటి మగవాడి ఫోను మోగుతుంది.
చూడ్డానికి వెండిలాగే ఉంటుంది.
పెళ్ళిళ్ళలో దానికి కూడా పసుపు రాస్తున్నారు.

నగరిలో సెల్వి
నడక నేర్చే బిడ్డ వెనకాల పరిగెత్తి పరిగెత్తి
పొద్దు గూకేలోపే అడుగులన్నీ ఖర్చు చేసేసింది.
రాత్రి ఊయల్లో బిడ్డ గుక్కపట్టింది.
సెల్వి గచ్చు మీద పాక్కుంటూ పోయింది.
మోకాళ్ళను కడియం లెక్కపెట్టదని
మాకు అట్లా తెలిసింది.

ఒక్కటే మినహాయింపు.
కాలి ఎముక విరిగితే కడియం తీస్తారు,
కట్టు ఉన్న నలభై రోజులూ.
విరిగిన కాలు ఎక్కడికి పోతుందిలే అని.

ఆ రూలు చదివి వినిపించింది నేనే.
దొరసానమ్మ వెదురు దబ్బలు చెక్కుతా ఉంది.
చెక్కడం ఆపలేదు.
"ఇంకోసారి చదువు మే," అనింది.

మర్నాడు కార్వేటినగరం నుంచి ముబీన వచ్చింది,
చెయ్యి విరిగి.
కారణం అచ్చులో ఉంది.
ఆకు పసరు, గుడ్డుసొన, గుడ్డ పీలికలు,
చేతికి కట్టు ముగించి
దొరసానమ్మ ఆ పిల్ల ఎడమ కాలు ఒళ్ళోకి లాక్కునింది.
"కాలికేం కాలేదవ్వా."
"అయినాది. నువ్వు చూసుకోలా."
ముబీన ఆమె మొహం వంక చాలాసేపు చూసింది.
తర్వాత మెల్లిగా, అలవాటైన గొంతుతో,
"అవునవ్వా, జారి పడినా," అనింది.

ఆ ఎండాకాలం
పుత్తూరు చుట్టుపట్ల ఆడవాళ్ళంతా జారి పడ్డారు.
వడమాలపేటలో పదకొండు మంది.
నారాయణవనంలో ఒకే వీధిలో ఆరుగురు, అందులో ఇద్దరు తోడికోడళ్ళు,
ఆ ఇద్దరికీ మాటల్లేవు, పడింది మాత్రం ఒకే పూట.
శాఖ నుంచి ఒకాయన జీపులో వచ్చి
రిజిస్టరు తిరగేశాడు.
"ఏందిది, ఇంతమందా?"
"ఆడోళ్ళు గదా సార్, కింద చూసి నడవరు."
తల ఊపాడు.
ఆ మాట చిన్నప్పట్నించీ వాళ్ళింట్లో వింటున్నదే.
రాగిసంగటి ఎక్కువ పెట్టమని సర్క్యులర్ పంపాడు.

ఇప్పుడు రాత్రి రెండు గంటలకి
తిరుత్తణి రోడ్డు మీద వెదురు చప్పుడు.
లారీవాళ్ళు దయ్యాలనుకుని హారన్ కొట్టకుండా పోతున్నారు.
ఎక్కడికీ పోవడం లేదు.
టోల్‌గేటు లైట్లు కనపడేదాకా పోయి, తిరిగి వస్తున్నారు.
సెల్వి బిడ్డను భుజాన వేసుకుని
అందరికన్నా ముందు నడుస్తుంది,
బిడ్డ నిద్రపోయినాక కూడా ఆగదు.

ముబీన చెయ్యి కొంచెం వంకరగానే అతుక్కునింది.
దాన్ని సరిచేయాలంటే మళ్ళీ విరగ్గొట్టాలంట.
వద్దనింది.
కాలి కట్టు మాత్రం రేపటితో నలభై రోజులు,
రేపే మళ్ళీ జారి పడాల.

దొరసానమ్మ నా కాలు ఒళ్ళోకి లాక్కుంటూ
చీటీ వెనక రాసిపెట్టమనింది:
సంతలో గుడ్లు, ఐదట్టలు.
మూడు చాలడం లేదు.