కంటి బొమ్మ పక్కన

నా అంగడికి బోర్డు లేదు.
ఫర్వానియాలో మూడో అంతస్తు, లిఫ్టు ఆగినరోజు మెట్లు,
తలుపు మీద నంబరు కూడా సగం ఊడిపోయింది.
బోర్డంటే ఫోనులో పెట్టే స్టేటస్సే.
ఇరవైనాలుగు గంటలకు దానంతటదే చెరిగిపోతాది,
మళ్ళా పొయ్యి ముట్టిచ్చి మళ్ళా రాయాల.

రాయడం నేర్పింది ఖాజాపీరు,
కింద మొబైళ్ళు బాగుచేసే పిల్లోడు, రాయచోటి.
"అక్కా, కూర చూపిచ్చద్దు, ఆవిరి చూపిచ్చు.
కూర అందరికాడా ఉంటాది. ఆవిరే అమ్ముతాది."
గిన్నె మూత లేపేటప్పుడు ఊపిరి బిగబట్టి తీస్తాడు వీడియో,
పెండ్లిలో తాళి కట్టేది తీసినట్టు.

ఒకరోజు మూత నాలుగుసార్లు తీపిచ్చినాడు.
నాలుగోసారికి ఆవిరి అయిపోయింది.
కెటిల్లో నీళ్ళు కాంచి గిన్నె ఎనకాల దాచిపెట్టినాము.
అబద్ధమే.
కోడి మాత్రం నిజం.

శుక్రవారం కదా ఇక్కడ మనకు సెలవు.
బేస్తవారం పొద్దుగూకినప్పట్నుంచే టింగు టింగు.
ఒకటిన్నర దీనారుకు సంగటి రెండు ముద్దలు, నాటుకోడి పులుసు,
చెనిక్కాయల ఊరిబిండి.
హవల్లీ డ్రైవర్లకు నాలుగు, మహబూలా క్యాంపుకు పదకొండు,
"కారం తగ్గిచ్చు" అని ప్రతిసారీ సాల్మియా నర్సమ్మ,
అర్ధరాత్రి రెండుకు "రేటెంత" అని ఒకాయన,
మూడు నెలలుగా అదే అడుగుతాండాడు.
అందరికీ జవాబియ్యాల.
ఆలస్యమైతే సంగటి కంటే ముందు
గిరాకీ చల్లారిపోతాది.

నెలాఖరుకు ఖాజాపీరు లెక్క తీస్తాడు.
కంటి బొమ్మ పక్కన అంకె: రెండొందల పన్నెండు.
"ఇందులో కొనేటోళ్ళు అరవై. మిగిలినోళ్ళు ఉత్త చూపులోళ్ళు.
తీసేద్దాం అక్కా."
ఏలితో పేర్లు పైకి జరుపుతా పోయినాడు.
ఒక పేరుకాడ వాని చెయ్యి పట్టుకున్న్యా.

జహ్రా ఓబులమ్మ.
ఎంబసీ వరసలో నిలబడినప్పుడు నంబరు రాసుకునింది.
ఏడాదిగా ఒక్క ముద్ద కొన్లేదు.
నేను పెట్టినవాటిలో ఒక్కటీ చూడకుండా ఇడిసిపెట్లేదు.
పన్నెండూ నలభై, ఒకటీ పది,
మామా వాళ్ళింట్లో ఆఖరి పళ్ళెం తుడిచి పెట్టే పొద్దు.
ఆ పొద్దు నాకు తెలుసు.
తొమ్మిదేండ్లు తోమినా.

"ఆమె బయటికి రాదు పీరూ. శుక్రవారం కూడా."
"మరి చూసి ఏం చేస్తాది?"
ఆవిరి సంగతి చెప్పింది నువ్వే గదరా
అనబోయి ఊరకున్న్యా.

పోయిన నెల ఆమెకాడ్నుంచి మొదటి మాట వచ్చింది.
పదకొండు సెకన్లు. దుప్పట్లోంచి గుసగుస:
"అక్కా, సంగటి గెలికేటప్పుడు పాట పెట్టద్దు.
తెడ్డు చప్పుడు ఇనపడ్లా."

పాట ఖాజాపీరు ఎతికి పెట్టింది,
ఇప్పుడందరూ పెడుతాండే పాట,
అది ఉంటేనే జనం ఏలు ఆపి చూస్తారంట.
ఆ బేస్తవారం తీసేసినా.
తెడ్డు గిన్నె అంచుకు తగిలే మొద్దు చప్పుడు,
పిండి కుతకుత, పాత ఫ్యాను,
నడుమ నా దగ్గు ఒకటి.

ఆర్డర్లు ఐదు తగ్గినాయి. నిజం చెప్పాల గదా.
ఖాజాపీరు తల పట్టుకున్న్యాడు.
నర్సమ్మ మాత్రం కారం ఊసు మరిచిపోయి
"ఇంకొంచెం సేపు పెట్టుండాల్సింది" అని రాసింది.

రాత్రి ఒంటిగంట దాటినా రెండొందల పదకొండే.
బకాలా మూసినారు. కింద టాక్సీ ఒకటి
ఇంజను ఆపకుండా ఎవురికోసమో నిలబడి ఉండాది.
రేపటి రాగిపిండి జల్లించుకుంటా కూర్చున్న్యా,
ఫోను మోకాలి మీద, తెరంతా పిండి ఏలిముద్రలు.

ఒకటీ పదిహేడు.
పన్నెండు.

జల్లెడ గోడకు ఆనిచ్చి
లైటు తీసేసినా.