ఎగరడానికి ఈ మీట

మలకొండయ్య కొత్త పెట్టె తెచ్చుకున్నాడు
తుమ్మలపెంట గుంటల కాడికి,
రొయ్యల మేత బస్తాల మధ్య, దుప్పట్లో చుట్టి.
పద్నాలుగు నెలల కంతు.
పంట బాగా వస్తే ఎనిమిదే, అన్నాడు.
పంట సంగతి తర్వాత.

నేను కావలిలో మరమ్మతులవాణ్ణి.
మిక్సీలు, ఫ్యాన్లు, ఇప్పుడు ఎక్కువగా ఫోన్లు.
ఒకప్పుడు అదే గదిలో మూడు టీవీలు, మూడు గేము పెట్టెలు,
గంటకి ఐదు రూపాయలు.
బడి గోడ ఎగిరి వచ్చేవాడు వీడు,
జేబులో బొరుగులు, మోకాలికి దెబ్బ.
క్యాసెట్టు పట్టకపోతే తీసి ఊదేవాడు
వాళ్ళమ్మ దోసెల పొయ్యి ఊదినట్టే, కళ్ళు మూసుకుని.
ఊదితే పట్టేది.
ఎందుకు పట్టేదో నాకిప్పటికీ తెలీదు,
మరమ్మతులవాణ్ణయి ఉండి.

ఈ పెట్టెలో ఊదడానికి కంత లేదు.
క్యాసెట్టు లేదు, బిళ్ళ లేదు,
ఆటంతా ఆకాశంలో ఉంటుందట, అద్దెకి.
పేరడిగింది. పుట్టిన తేదీ అడిగింది. కార్డు అడిగింది.
ఎన్నాళ్ళ నించి ఆడుతున్నావని మాత్రం అడగలేదు.
తర్వాత డెబ్బై జీబీల అప్‌డేటు.
సిగ్నలు కోసం బస్తాల మీద స్టూలు,
స్టూలు మీద బకెట్టు, బకెట్టు మీద ఫోను.
రెండు రాత్రులు.

మూడో రాత్రి తెర మీద ఒక చిన్న బొమ్మ నిలబడింది.
దాని ముందు రాయి, మోకాలంత.
కింద అక్షరాలు:
ఎగరడానికి ఈ మీట నొక్కండి.

మలకొండయ్య నవ్వలేదు.
నొక్కనూ లేదు.
"ముప్పై ఏళ్ళ నించి ఎగరతా ఉండా బ్బా,
నాకు చెప్తా ఉండాడా?"
ఆ పాఠం దాటేసే దారి వెతికాం. యాడా లేదు.
అక్షరాలు ఆగి ఆగి మెరిశాయి,
వినపడలేదేమో అని మళ్ళీ చెప్పే కండక్టరులాగా.

"కొత్తోళ్ళు రాకపోతే అంగడి నడవదు కదరా," అన్నాను.
"పాతోళ్ళం ఎట్టాగూ వస్తామనే గదా వాళ్ళ ధీమా," అన్నాడు.
జవాబు నాలుక దాకా వచ్చి ఆగింది.
నేను టీవీలు పాత సామాన్లవాడికి తూకానికేసిన రోజు
వీడు మూసిన షట్టరు ముందు నిలబడ్డాడు
చేతిలో ఐదు రూపాయల బిళ్ళతో.
లోపల ఉండి కూడా నేను పలకలేదు.
మిక్సీలకి గిరాకీ బాగుండేది ఆ ఏడు.

రెండు దాటాక తల తిప్పి విన్నాడు.
నాకేం తేడా తెలీలేదు.
నాలుగో ఏరేటరు గొంతు మారిందన్నాడు.
లుంగీ ఎగ్గట్టి గట్టు వెంట పరిగెత్తాడు,
ఆ చీకట్లో, ఆ జారుడు మట్టి మీద,
మధ్యలో తెగిన కాలవని చూడకుండానే ఎగిరి.
దానికేం మీట లేదు.

తడి చేతులతో తిరిగొచ్చేసరికి
బొమ్మ రాయి ముందే ఉంది.
విసుగేసి కూచుంది కాబోలు, కాళ్ళూపుతా ఉంది.
లుంగీకి చేతులు తుడుచుకుని బొటనవేలు వేశాడు.
ఎగిరింది.
తెర నిండా నక్షత్రాలు. బాగా చేశారు!
"థూ," అన్నాడు.
కానీ చెవుల దాకా నవ్వు, దాచుకోలేకపోయాడు.
ఆ మాట వాడితో ఎవరన్నా అని ఎన్నాళ్ళయిందో.

అందరూ పోయే కుడి వైపుకి పోలేదు.
బొమ్మని వెనక్కి తిప్పాడు, ఎడమకి,
ఏమీ లేనట్టున్న గోడ వైపుకి.
పాత ఆటల్లో అట్టా వెనక్కి పోయినోడికి
ఏదో ఒకటి దాచి ఉండేది.

"ఆ కంపెనీలో మన ఈడోడు ఒక్కడన్నా ఉండడా?
ఒక్క నాణెమన్నా దాచి ఉండడా?"

బొమ్మ నడుస్తా ఉంది.
గోడ ఇంకా రాలేదు.
చెక్ ట్రేలో మేత మిగిలిందేమో చూసొస్తానని
టార్చి తీసుకుని నేను లేచాను.