నువ్వుగింజంత ఆలస్యం

కాడుబీసనహళ్ళిలో, మూడో అంతస్తులో
రెండు పడకగదుల ఇల్లు మాది.
అద్దె చెరిసగం, పాలప్యాకెట్ వంతులవారీ.
నిరుపమ కంపెనీ ఫ్లైఓవర్‌కి అటు,
మా కంపెనీ ఇటు.
రెండూ చేసేది ఒకటే వస్తువు:
బల్లమీది కంప్యూటర్‌కి
ఇంకాస్త తొందరపడే మెదడు.

ఇంట్లో ఆఫీసు మాట ఎత్తకూడదని
ఎవరూ చెప్పకుండానే ఒప్పుకున్నాం.
వంకాయల ధర గురించి,
రాని నీళ్ళ ట్యాంకర్ గురించి,
కింది వాటా వాళ్ళ కుక్క గురించి మాట్లాడుకుంటాం.

అయినా తెలిసిపోతుంది.
అర్ధరాత్రి దాటినా గుమ్మం దగ్గర ఆమె చెప్పులు లేకపోతే
వాళ్ళకీ ఏదో తెగలేదని.
నా టిఫిన్ డబ్బా మూత తియ్యకుండా తిరిగొస్తే
మాకూ అంతేనని ఆమెకి.
పెరుగుగిన్నెని మించిన గూఢచారి లేదు.
రెండ్రోజులు ఎవరూ ముట్టక పులిసిందంటే
రెండు చిప్పులూ ఆలస్యం.

మా తగాదా పన్నెండు పికోసెకండ్లతో.
ఒకసారి లెక్కగట్టి చూశాను.
అంతసేపట్లో వెలుతురు
నువ్వుగింజ ఈ కొస నుంచి ఆ కొసకి పోతుంది, అంతే.
ఆ నువ్వుగింజంత
ఒక సంకేతం వెనకబడుతోంది
మూడో కోర్‌లో, ఒక మూల,
అదీ వేడెక్కినప్పుడే.
దాన్ని పట్టుకోడానికి
ఉగాది పోయింది, వినాయకచవితి పోయింది,
మా మేనేజర్ జుట్టు కొంత పోయింది.

ఒక తీగని జరిపితే పక్కతీగ అలిగేది.
వోల్టేజీ పెంచితే పరుగెత్తేది,
పరుగెత్తి పెనంలా కాలేది.
తగ్గిస్తే చల్లబడి
ఎద్దులా నిలబడిపోయేది.

విడుదల తేదీ మార్చి నుంచి జూన్‌కి,
జూన్ నుంచి "ఏడాది రెండో సగాని"కి జారింది.
ఆ మాట మార్కెటింగ్ వాళ్ళది.
ఏ ఏడాదో చెప్పలేదు.
ల్యాబు తలుపు మీద చన్నవీర సుద్దముక్కతో
"నాళె బా" అని రాశాడు.
వాళ్ళ ఊళ్ళో దయ్యం వచ్చి తలుపు కొట్టకుండా
రేపు రమ్మని అలా రాసేవారట.
దయ్యం చదువుకుని వెళ్ళిపోయి
మర్నాడు మళ్ళీ వచ్చి మళ్ళీ చదువుకునేదట.
మా డైరెక్టర్‌కి కన్నడం రాదు.
రోజూ ఆ తలుపు తోసుకునే లోపలికొచ్చాడు.

ఎస్పీ రోడ్డులో కంప్యూటర్లు జోడించే మస్తానయ్య
వారానికోసారి ఫోన్ చేస్తాడు.
"కొత్తది ఎప్పుడమ్మా?
యానిమేషన్ నేర్చుకునే కుర్రాడొకడు
నాలుగు నెలలుగా డబ్బు జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు.
మీదో, అటువాళ్ళదో, ఏది ముందొస్తే అది కొంటాడట."
పాతదే కొనుక్కోమనండి అన్నాను,
నా జీతానికి వినపడకుండా, చిన్నగా.

నిన్న నాకు జ్వరం, ఇంట్లోనే ఉన్నాను.
నిరుపమ సాయంత్రం ఆరింటికే వచ్చేసింది.
ఏడు నెలల తర్వాత ఆమె ముఖం
పగటి వెలుతురులో చూశాను.
స్నానం చేసింది. జడ వేసుకుంది.
మూకుడు పెట్టి నువ్వులు వేయించడం మొదలెట్టింది.
వాళ్ళది తెగిందా?
లేక ప్రాజెక్టే మూసేశారా?
గెలిచినవాళ్ళూ పెందలాడే ఇంటికొస్తారు,
ఓడినవాళ్ళూ పెందలాడే.
వీపు చూసి చెప్పడం కష్టం.

అడగలేదు.
"ఎండుమిరపకాయలు ఎన్ని వెయ్యను?" అంది.
"నాలుగు."
"నాలుగేనా?"
"జ్వరం కదా."

మూకుట్లోంచి ఒక గింజ చిట్లి
గట్టు మీద నా ముందు పడింది.
వేలితో అద్ది తీసుకున్నాను. చురుక్కుమంది.
ఈ కొస, ఆ కొస చూశాను.
ఈ మధ్యలోనే ఎక్కడో
నా ఉగాది ఉంది.
నోట్లో వేసుకున్నాను.

ఫోన్ మోగింది. చన్నవీర.
జ్వరపు చేతికి తగిలి స్పీకర్ ఆన్ అయింది.
"మేడమ్, పన్నెండు కాదు ఇప్పుడు,"
అంటున్నాడు,
సరిగ్గా అప్పుడే నిరుపమ
ఇంకా చల్లారని నువ్వుల్ని జార్‌లో పోసి
మిక్సీ వేసేసింది.