దక్షిణం హద్దు

ఉర్దూ చదవొచ్చినోళ్లు తగ్గిపోయిండ్రని
రిజిస్ట్రారాఫీసోళ్లు నన్నే పిలుస్తరు.
ఈసారి మట్టెవాడ గచ్చుమేడ కాయిదాలు,
చెదలు తినంగ మిగిలినవి పదకొండు.

మొదటిది ఫసలీ పన్నెండువందల తొంభై ఎనిమిది.
రైలుకట్టకు కంకర తోలి కూడబెట్టిన
పసునూటి నర్సింలు కట్టించిండు.
డంగుసున్నంల బెల్లమెంత కలిపిండ్రో కూడ రాసుంది.
కొనేటోడు గోడ నాకి చూస్తడా అని నవ్వుకున్న.

పదేండ్లకు రెహన్.
ఎనిమిదొందల హాలీ రూపాయలకు
తాళంచెవి హజారీమల్ సేటు నడుముకెక్కింది.
సేటు ఒక్క రాత్రి ఆ ఇంట్ల పండలేదు,
జొన్నలు పోసిండు.

తర్వాత తాలూక్దారు మీర్ సఫ్దర్ అలీ.
జనానా కోసం పెరటి కిటికీలకు చెక్కలు కొట్టించిండు.
ఆయన బేవా బద్రున్నిసా అమ్మినప్పుడు
సంతకం జాగల ఊదారంగు బొటనవేలు.
సిరా ఆరకముందే కాయిదం మడిచినట్టుంది,
ఆ ముద్ర రెండు దిక్కుల పడ్డది.

తునికాకు గుత్తేదారు ఎలగందుల కనకయ్య కొన్నడు.
ముగ్గురు కొడుకులు నడిమింట్ల గోడ లేపి
ముప్పై ఏండ్లు కోర్టుల కొట్లాడిండ్రు.
ఆ గోడను మొన్న సర్కారోళ్లు కూలగొట్టిండ్రు,
ఇల్లు పాతగ కనపడాల్నట.

పేర్లు మారినయి, వెలలు మారినయి,
స్టాంపు మీద బొమ్మలు మారినయి.
పదకొండు కాయిదాలల్ల మారనిది ఒక్కటే వరుస:
జునూబ్ — సాలె రాజవ్వ మకాన్.

మొదటిదాంట్ల ఆమె బతికే ఉండాలె, మగ్గం ఆడుతుండాలె.
రెండోదాంట్ల ముసల్దై ఉంటది.
నాలుగోదాంట్లకు, ఎంత లెక్కేసినా, ఉండనే ఉండది.
రాసేటోడెవడూ గడప దాటి చూడలె,
పాతదాంట్లది కొత్తదాంట్లకు ఎక్కిచ్చిండ్రు.
ఉర్దూలకెల్లి తెలుగులకు మారినప్పుడు గూడ
రాజవ్వ నడిచే వచ్చింది.
కొన్నది లేదు, అమ్మింది లేదు,
ఆమె లేంది మేడ ఏడ ఆగాల్నో ఎవరికీ తెల్వదు.

ఇప్పుడు గుమ్మం పక్కన నల్లరాతి పలక.
యజమానుల పేర్లన్నీ చెక్కిండ్రు,
సేటు పేరుల ఒక అచ్చరం తప్పు.

పన్నెండో కాయిదం నేను రాస్తున్న.
దక్షిణానికి ఏముందని ఇంజినీరునడిగితే
బండ్లు పెట్టే జాగ అన్నడు.
పోయి చూసిన.
సిమెంటు బిళ్లల నడుమ ఒక గుంత,
మోకాలు లోతు, వాన నీళ్లు.
మగ్గం గుంతనో, పైపు కోసం తవ్వి ఇడిచిపెట్టిందో
నేను చెప్పలేను.

తిరిగొచ్చి కలం తీసిన.
చెయ్యి అలవాటుగ జునూబ్ అని మొదలుపెట్టింది.
కొట్టెయ్యలె.