లోపలి గడియ

పెద్దాసుపత్రి, పదకొండో నెంబరు గది.
సలోమి సిస్టరు బల్ల మీద పరిచింది:
రాగి తీగ చుట్టిన చిన్న టీ,
సూదిమందు సీసా,
అగ్గిపుల్లంత మెత్తటి పుల్ల.
"ముట్టుకో అమ్మా, కరవవులే."

పొద్దుట్నుంచీ యార్డులో తొడిమలు తీసిన చేతులు నావి.
కంటికి తగిలితేనే మంట,
ఇంక వీటికా.
దూరం నుంచే చూశాను.

రాగిది పదేళ్ళుంటుందట.
మొదట్లో నెలసరి ఎక్కువ పోతుంది, నడుము లాగుతుంది.
వేలు గుచ్చి చూసింది: తొమ్మిదిన్నర.
"రక్తం తక్కువే నీకు, ఆలోచించుకో."
సూదిమందు మూణ్ణెల్లకొకటి.
నెలసరి ఆగిపోయినా భయపడొద్దంది.
మానేశాక బిడ్డ కావాలంటే ఏడాది దాకా ఆగాలట.
చేతి చర్మం కిందది మూడేళ్ళు.
ఎప్పుడు వద్దంటే అప్పుడు తీసేస్తారు.

"రాగిది పైకెక్కి గుండెకి గుచ్చుకుంటుందంట గదా,
పొన్నూరులో ఒకామె..."
అది మా అత్త దర్యాబీ మాట.
ఆ పొన్నూరామె పేరు ఎవరికీ తెలీదు,
ప్రతి వీధిలోనూ ఒకసారి చచ్చిపోయింది.

సిస్టరు నవ్వలేదు.
ఓపీ చీటీ వెనక సంచి బొమ్మ గీసింది.
"వేసేటప్పుడు సంచికి గుచ్చుకోవడం
వెయ్యి మందిలో ఒకరికి ఉంటే ఉంటుంది, దాచను.
గుండెకి మాత్రం ఇందులోంచి దారి లేదు."
దాచను అన్న ఆ ఒక్క మాటకి
కుర్చీ ముందుకు జరుపుకున్నాను.

"మీ ఆయనైతే పది నిమిషాల పని. కుట్టు కూడా పడదు."
రాత్రే అడిగాను సుభానీని.
"బరువులెత్తాలిగా" అన్నాడు,
ఆటో నడిపే మనిషి.

నన్ను ఆపరేషను చేయించేసుకోమంటారు అందరూ.
ఇద్దరున్నారుగా, పీడా పోతుందని.
నాకు ఇరవై నాలుగు.
ముప్పైకి ఏమనిపిస్తుందో
ఇప్పట్నించే గోడ కట్టలేను.
ఒక గడియ చాలు,
లోపలివైపు ఉండాలి,
నా చేతికి అందేటట్టు.

బయట గేటు దగ్గర హారను రెండుసార్లు మోగింది.
మోగనీ.
వరండా చివర కుళాయి.
ఆసుపత్రి సబ్బుముక్క అరిగి బిళ్ళంతైంది.
మోచేతుల దాకా కడిగాను, మళ్ళీ కడిగాను,
వాసన చూసుకున్నాను.
ఇంకా కొంచెం ఘాటుంది.

ఐనా లోపలికెళ్ళాను,
ఈసారి ముట్టుకుని చూడ్డానికి.