అట్టలు చదివే కుర్రాడు

అంబాజీపేట కొబ్బరి సంత దాటాక
కాలవ గట్టు మీద గుడారం.
నేల టిక్కెట్టు అణా.
ఖాదరు చేత్తో తిప్పే మిషను, రొప్పే హార్మణీ,
బయట కప్పలు.
నాకు ఆటకి రెండణాలు.
తెర మీద ఇంగ్లీషు అక్షరాల అట్ట పడగానే
మూడో ఫారం చదువుతో
దాన్ని తెలుగులో అరవాలి.

దొరల బొమ్మ. యుద్ధం రోజులది.
తండ్రీ, ఇద్దరు కొడుకులూ, భోజనాల బల్ల.
ఒకడు పటాలంలో చేరతానన్నాడు,
ఒకడు కంచం నెట్టేశాడు.
అందరి పెదాలూ కదులుతున్నాయి.
ఆ గొడవకి నాకు అట్టలు అక్కర్లేదు.

మా ఇంట్లో బల్ల లేదు, పీటలు.
బాపన్న బస్రా పోతానన్నాడు.
"తెల్లోడి చావు తెల్లోణ్ణే చావనీ"
అన్నాడు గవర్రాజు.
నాన్న ఏమీ అనలేదు.
భర్తీ జమేదారిచ్చిన యాభై రూపాయలూ
రెండుసార్లు లెక్కపెట్టుకుని
చూడిగేదెను తోలుకొచ్చాడు.
దాని పాలు గవర్రాజు ముట్టలేదు.
వంటింట్లో రెండో పొయ్యి లేచింది.
అమ్మ రెండూ ఊదేది.

వెళ్ళేరోజు లాకు తలుపులు మూశారు.
నీళ్ళు పడవని మెల్లగా ఎత్తాయి,
గట్టు మీదున్న మాకు
బాపన్నని ఎవరో ఎత్తుకుని చూపిస్తున్నట్టు.

మూడు కార్డులొచ్చాయి.
"ఇక్కడ ఖర్జూరం తోటలు. మన కొబ్బరికున్నంత నీడ లేదు."
నాలుగోది సర్కారు కాయితం,
అడుగున తెలుగులో రెండు పంక్తులు.
పదకొండేళ్ళ వాణ్ణి, గట్టిగా చదివాను.
నాన్న దాన్ని నా చేతిలోంచి లాక్కుని
దూలంలో దోపాడు, నా వంక చూడకుండా.
ఆ తరవాత మూణ్ణెల్లకోసారి
అమలాపురం ఖజానాకి వెళ్ళొచ్చేవాడు.
బాపన్న జీతం అనేవాడు.
గేదె ఈనినప్పుడల్లా అమ్మ
ముంతెడు జున్ను ఉట్టి మీద పెట్టేది,
పులిసి పారబోసేదాకా.

తెర మీద తల్లికి తంతి వచ్చింది.
అట్ట పడింది. మూడే మాటలు.
ముందు వరసలో ఇసక మీద మా అమ్మ.
"వచ్చే నెల పడవకి మీ వాడు
క్షేమంగా దిగుతున్నాడహో!" అని అరిచాను.
జనం ఈలలు వేశారు.
తెర మీద ఆవిడ కుప్పకూలింది.
"సంతోషం పట్టలేక!" అన్నాను, గొంతు జీరపోతుండగా.
ఖాదరు మిషను తిప్పుతూనే నా వైపు చూశాడు.

ఇంటికొచ్చే దారంతా బురద.
లాంతరు నా చేతిలో. అమ్మ వెనక.
"ఆ అట్ట మీద చారెడు అక్షరాలు లేవు.
అంత పొడుగు చదివావేరా?"
నేను లాంతరు వత్తి సరిచేశాను.
వంతెన దాటాక మళ్ళీ అంది:
"నువ్వెప్పుడూ పొడుగే చదువుతావు."

ఆ మాఘంలో గేదె ఈనింది.
అమ్మ ఉట్టి వైపు పోలేదు.
ముంత తెచ్చి
గవర్రాజు పీట ముందు పెట్టింది.
వాడు చాలాసేపు చూశాడు.
వేలితో కొంచెం తీసి నోట్లో పెట్టుకున్నాడు.
నాన్న లేచి
పశువుల పాకలోకి వెళ్ళాడు.