బంతి లేనప్పుడు

మార్కాపురంలో పలకలకు కరువు లేదు.
ఫ్యాక్టరీ వెనక పారేసిన ముక్కొకటి ఏరుకొచ్చి
కాలేజీ గ్రౌండు గట్టున కూర్చున్నాను.
గోల్స్ రాయడానికి స్కోరు పుస్తకముంది.
ఇది మస్తాన్‌బీ కోసం.

భుజం భుజానికి ఒరుసుకుని బంతి ఆపితే ఒక గీత.
కర్రకు కర్ర తగిలి ఠప్పుమంటే ఒక గీత.
మోకాలు చెక్కుకుపోయి, లేచి,
మళ్ళీ అడ్డం నిలబడితే
ఎక్కడ గీయాలో తెలీక బలపం కొరుకుతూ ఉండిపోయాను.

పద్నాలుగు మ్యాచులు, పదహారు గోల్స్.
అందులో తొమ్మిది
ఆమె బంతి లాక్కున్నాక
ఇరవై లెక్కపెట్టేలోపే పడ్డవి.

యలమంద సారు పలక చూసి నవ్వలేదు.
"కందుకూరు మీద ఎన్ని గీతలు?"
ముప్పై ఒకటి. నాలుగు సున్నాతో ఓడిపోయాం.
"అన్నిసార్లు ఢీకొట్టారంటే
బంతి వాళ్ళ దగ్గరే ఉందనేగా, పిచ్చిపిల్లా."

ఆ రాత్రి మళ్ళీ మొదలుపెట్టాను.
గెలిచినవి ఒక పక్క, ఓడినవి ఒక పక్క,
బంతి మనది కాని నిమిషాలతో భాగించి.
సంబంధం చచ్చిపోలేదు. సన్నబడింది,
తడిగుడ్డతో తుడిచాక
పలక మీద మిగిలే తెల్లటి జాడలా.

పొద్దున్నే మస్తాన్‌బీకి చూపించాను.
కమిలిన మోచేయి ఒత్తుకుంటూ
కందుకూరు గీతల్ని ఒక్కొక్కటే వేలితో తడిమింది.
"ఇవన్నీ నావేనా?"
కాసేపాగి, చున్నీ అంచుతో ఒకటి చెరిపేసింది.
"ఇది ఫౌలే. అంపైరు చూళ్ళేదంతే."